నడిసముద్రం మీద పదమూడు మజిలీలు

4 ఫిబ్రవరి 2131, ఆదివారం. విశాఖపట్నం. ఉదయం 7:10

ఈ పుస్తకం ఈరోజు మొదలుపెట్టడానికి కారణం ఒక ఉత్తరం. నిన్న సాయంత్రం గాలిదారుల కార్యాలయం నుంచి నా కూతురి కూతురు హైమకు వచ్చింది. హైమ సింహాద్రి అనే గాలిఓడకు సారథి. విశాఖపట్నం నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు మంగళవారం వెళ్లి, గురువారం తిరిగి వస్తుంది. నేను పొట్నూరు వరహాలమ్మను, వయసు డెబ్బై మూడు. ముప్పై ఆరేళ్లు బడిలో లెక్కలు చెప్పి దిగిపోయాను. ఇప్పుడు ప్రతి బుధవారం పోర్ట్ బ్లెయిర్ తెలుగు బడిలో చెబుతున్నాను కనుక ఆ ఓడలో రాకపోకలన్నీ నాకూ ఉన్నాయి.

గాలి దారిన ఈ రెండు ఊళ్ల మధ్య దూరం 1,224 కిలోమీటర్లు. సింహాద్రి వేగం గంటకు 102. గాలి ఎటు వీచినా ఇంజన్లు తమంతట తామే సర్దుకుంటాయి. కాబట్టి ప్రయాణం సరిగ్గా పన్నెండు గంటలు పట్టాలి. పూర్వం విమానాల్లో కిరసనాయిలు తగలబెట్టుకుంటూ ఇదే దూరం రెండు గంటల్లో వెళ్లేవారట. మిగిల్చుకున్న పది గంటలతో వాళ్లు ఏం చేశారో ఎక్కడా రాసిపెట్టలేదు.

మూడు నెలలుగా సింహాద్రి పన్నెండు గంటల్లో రావడం లేదు. నడిసముద్రం మీద ఉన్నట్టుండి ఆగుతుంది. కాసేపు వేలాడుతుంది. మళ్లీ బయలుదేరుతుంది. సారథి గదిలో పలక మీద "నిలుపు: ప్రయాణికుల సౌకర్యం" అని పడుతుంది. అలా పడినప్పుడు సారథి ఓడను కదపకూడదని నిబంధన ఉంది. వాంతులు చేసుకునేవాళ్ల కోసం పెట్టిన నిబంధన అది. కానీ ఆగినప్పుడల్లా వాంతి చేసుకున్నవాళ్లెవరూ కనబడరు.

ఉత్తరంలో ఏముందంటే, ఈ నెల 22న తిరుగు ప్రయాణంలో తనిఖీ అధికారి స్వయంగా ఎక్కుతారు. ఆ ప్రయాణం పద్నాలుగు గంటలు దాటితే హైమను సారథి కుర్చీలోంచి దింపేస్తారు. నిలుపులకు కారణమేమిటో కూడా వాళ్లే తేల్చేశారు.

"చేపలట అమ్మమ్మా!" అంది హైమ ఉత్తరం నా ముందు పడేసి. "నాలుగు వందల మీటర్ల ఎత్తు నుంచి గాలం వేసి వంజరాలు పడుతున్నానట! అందుకని ఓడ ఆపుతున్నానట!"

"పట్టావా?"

"అమ్మమ్మా!"

"అడగాలి కదా. అడగకుండా ఏదీ రాయను."

"నువ్వు కూడానా?" అని లేచి వెళ్లిపోయింది. అది జవాబు కాదు. అయినా రాసుకున్నాను.

పన్నెండేళ్ల వయసు నుంచి ఆ పిల్ల ఆ కుర్చీ కోసమే చదివింది. ఆ కుర్చీ పోకూడదు. ఇకనుంచి ప్రతి నిలుపూ గడియారం చూసి రాస్తాను. నిలుపుకు ముందు ఎవరు ఏం చేస్తున్నారో కూడా రాస్తాను.


6 ఫిబ్రవరి, మంగళవారం. విశాఖ నుంచి పోర్ట్ బ్లెయిర్

ఎక్కేముందు తూకం: నేను 51.4 కిలోలు, సంచీ 6.2. పోయిన వారం కంటే సంచీ 300 గ్రాములు ఎక్కువ, అది ఈ గడియారం, ఈ పుస్తకం వల్ల. నా తర్వాత తూకం వేయించుకున్నది లంక జోగారావుగారు. 78 ఏళ్లు. నలభై ఏళ్లు హార్బరులో పైలట్‌గా చేశారు. ఉద్యోగం అయిపోయినా ఉచిత పాసు మిగిలింది కనుక ఏ పనీ లేకుండా వారానికి రెండుసార్లు సముద్రం దాటుతారు. నా ఎదురు సీటు ఆయనదే. రోజంతా ముక్కుపొడుం పీలుస్తారు. పీల్చినప్పుడల్లా ఒకే ఊపిరిలో రెండు తుమ్ములు. ఒకటి కాదు, మూడు కాదు, రెండు.

ఉదయం 6:00కు లేచాం. సాయంత్రం 6:27కు దిగాం. మూడు నిలుపులు. ఒక్కో నిలుపుకు వేగం తగ్గడం, నిలబడటం, మళ్లీ ఊపందుకోవడం అన్నీ కలిపి తొమ్మిది నిమిషాల నష్టం. నిలబడటం మాత్రం కచ్చితంగా నాలుగు నిమిషాలు. ఇంత కచ్చితంగా ఆగేది గాలి వల్ల కాదు, చేపల వల్ల అసలే కాదు.

రెండో నిలుపులో ఓడనే అడిగాను. సింహాద్రికి చెవులున్నాయి, నోరుంది, బుద్ధి ఉంది. రెండేళ్ల క్రితం ఓడకు బుద్ధి నేర్పే నెలలో మర్యాదల పాఠాలు చెప్పడానికి ఊళ్లో ఒక పెద్దమనిషి కావాలని ప్రకటన ఇచ్చారు. ఆ నెల చేసిన ముప్పై ప్రయాణాల్లో నలభై మూడు పాఠాలు చెప్పింది నేనే.

"సింహాద్రీ, ఎందుకు ఆగావు?"

"ప్రయాణికుల సౌకర్యం కోసం, మేడమ్‌గారూ."

"ఏ ప్రయాణికుడికి ఏమైంది?"

"ఒకరి ఒంటి సంగతి పదిమందిలో ఎత్తి చూపడం మర్యాద కాదు, మేడమ్‌గారూ. ముప్పై ఒకటో పాఠం."

ముప్పై ఒకటో పాఠం నాదే. పట్టీలో నిలుపు మాత్రం రాసుకున్నాను.

"ఓడని బలేగా పెంచీసినారు పంతులమ్మగారు," అన్నారు జోగారావుగారు డబ్బా తీస్తూ. "పోలీసులొచ్చి కొట్టినా చెప్పదు."


8 ఫిబ్రవరి, గురువారం. పోర్ట్ బ్లెయిర్ నుంచి విశాఖ

ప్రయాణికులు 44 మంది. సరుకు: మిరియాల బస్తాలు 38. మూడు నెలలుగా తిరుగు ప్రయాణంలో మిరియాలు వస్తున్నాయి. సరుకు గది సరిగ్గా మా సీట్ల కిందే ఉంది.

రాత్రి 7:39కి దిగాం. పదకొండు నిలుపులు, పదమూడు గంటల ముప్పై తొమ్మిది నిమిషాలు. పద్నాలుగుకు ఇరవై ఒక్క నిమిషాల దూరం.

నా పట్టీ చూస్తే పదకొండింటిలో ఎనిమిది నిలుపుల సమయానికి జోగారావుగారి చేతిలో డబ్బా ఉంది. ఇక ఆలోచించాల్సింది లేదనుకున్నాను. బడిలో అయితే ఇంత సాక్ష్యం కూడా అడిగేదాన్ని కాదు.

"ఆ డబ్బా ఇలా ఇవ్వండి."

"ఏటికి?"

"మీ ముక్కుపొడుం వల్లే ఓడ ఆగుతోంది. పట్టీలో ఉంది."

"పట్టీలో నా పేరు రాసినారేటి?" ఆయన పక్కవాళ్ల వైపు తిరిగారు. "సూడండర్రా, మూడో తరగతిలో మా మేస్టారు గోళీలు లాగీసుకున్నాడు. మళ్లీ ఇన్నాళ్లకి!"

ఇచ్చారు. ఇవ్వక ఏం చేస్తారు, నేను చెయ్యి చాపి నిలబడ్డాను. ఇంటికొచ్చి తూచాను. పొడుం 43 గ్రాములు. అందులో రెండు గ్రాములు కాగితంలో పొట్లం కట్టి, "సాక్ష్యం, 8-2-2131" అని రాసి, ఈ పుస్తకం వెనక అట్టకు అంటించాను.


13 ఫిబ్రవరి, మంగళవారం. విశాఖ నుంచి పోర్ట్ బ్లెయిర్

ముక్కుపొడుం లేదు. సాయంత్రం 7:03. ఏడు నిలుపులు.

పోయిన మంగళవారం మూడే. ఇది నేను అనుకున్న లెక్క కాదు. జోగారావుగారు చేతులు కట్టుకుని కూర్చుని, ఆగినప్పుడల్లా నా వైపు చూసి చిన్నగా నవ్వారు. ఏడుసార్లు నవ్వారు.


15 ఫిబ్రవరి, గురువారం. పోర్ట్ బ్లెయిర్ నుంచి విశాఖ

మధ్యాహ్నం 12:40కి ఎనిమిదో నిలుపు. హైమ సారథి గదిలోంచి వచ్చి నా పక్కన నిలబడింది. ముఖం వాడిపోయింది.

"అమ్మమ్మా, ఇంకో ఆరు ఆగితే పద్నాలుగు గంటలు దాటిపోతాం. వచ్చే వారం కూడా ఇలాగే ఉంటే..."

"నిలబడి మాట్లాడకు. వెళ్లి పని చూసుకో. కారణం నేను పట్టుకుంటాను."

1:15కు నా ముందు సీట్లో ఒక చిన్నపిల్ల తుమ్మింది. ఒంటి తుమ్ము. నా చెయ్యి దానంతట అదే సంచీలోకి వెళ్లి, మంచినీళ్ల సీసా తీసి, మూత తిప్పింది. ఒక గుక్క తాగాను. అదే క్షణంలో ఇంజన్ల మోత తగ్గింది. ఓడ ఆగింది.

సీసా చేతిలోనే ఉంది. దాని వంక చూస్తూ నాలుగు నిమిషాలూ కూర్చున్నాను. ఓడ కదిలింది. మూత పెట్టాను. పెట్టాక అర్థమైంది: తుమ్ము వినగానే ఓడా నేనూ ఒకే పని చేశాం.

పట్టీ మొదటి నుంచి తిరగేశాను. ఎవరికి జలుబుందో అంచుల్లో రాసుకోవడం నాకు బడినుంచి ఉన్న అలవాటు. దిగాక ఆవిరి పట్టమని చెప్పడానికి రాస్తాను. ప్రతి నిలుపు పక్కనా ఒక తుమ్ము ఉంది. తుమ్ము ఉండి నిలుపు లేని చోట్లు కూడా ఉన్నాయి. అక్కడ ఒకరి వెనకే ఇంకొకరు తుమ్మారు. ఆ ఇంకొకరు దాదాపు ప్రతిసారీ జోగారావుగారే. ఈ తుమ్ములన్నీ మూడు నెలల కిందట మిరియాలు వచ్చాక పెరిగినవే; రాలిన పొడి వెళ్లేటప్పుడు కూడా సీట్ల కిందే ఉంటుంది.

ఓడ చెవికి దగ్గరగా వెళ్లి కూర్చున్నాను.

"సింహాద్రీ, నేను ఒక లెక్క చదువుతాను. తప్పుంటే సరిదిద్దు. తప్పు సరిదిద్దడం మర్యాదేనా?"

"మర్యాదే, మేడమ్‌గారూ. పన్నెండో పాఠం."

"ఒంటి తుమ్ము వస్తే నువ్వు నాలుగు నిమిషాలు ఆగుతావు. పది లెక్కపెట్టే లోపల రెండో తుమ్ము వస్తే ఆగవు. ఒకే ఊపిరిలో జంట తుమ్ము వస్తే, దానికి ముందు మిగిలిన ఒంటి తుమ్ము కూడా దాంతో చెల్లిపోతుంది."

"తప్పు లేదు, మేడమ్‌గారూ."

"ఇది నా నలభై మూడు పాఠాల్లో లేదే?"

"మీరు చెప్పినవి నలభై మూడు. మిమ్మల్ని చూసి నేర్చుకున్నవి రెండు వందల పదకొండు. నేర్పే నెలలో మీరు బయలుదేరబోతుంటే తొమ్మిదిసార్లు ఎవరో ఒకరు తుమ్మారు. తొమ్మిదిసార్లూ మీరు అందరినీ కూర్చోబెట్టి, మంచినీళ్లు తాగించి, గడియారం చూసి నాలుగు నిమిషాల తర్వాత లేపారు. రెండుసార్లు మాత్రం 'జంట తుమ్మయింది, పదండి' అన్నారు."

"అది బయలుదేరేటప్పుడు! దారి మధ్యలో కాదు!"

సింహాద్రి వెంటనే అడిగింది.

"నేను ఎప్పుడూ బయలుదేరుతూనే ఉంటాను కదా, మేడమ్‌గారూ?"

 ముప్పై ఆరేళ్లలో ఏ పిల్లా నన్ను ఇలా ఇరికించలేదు.

రాత్రి 9:00. ఇరవై నిలుపులు. సరిగ్గా పదిహేను గంటలు. ఇప్పటిదాకా ఇదే అన్నిటికంటే ఎక్కువ. జోగారావుగారి డబ్బా లాక్కున్నది నేను. ఓడకు తుమ్ము నేర్పింది నేను. తుమ్మినవాళ్ల పేరు చెప్పకూడదని దాని నోరు కట్టేసింది కూడా నేనే.


18 ఫిబ్రవరి, ఆదివారం. విశాఖ

హైమకు అన్నీ చెప్పాను. కోప్పడుతుందనుకున్నాను. నవ్వింది. నేలమీద కూర్చుని, కడుపు పట్టుకుని నవ్వింది. కళ్లు తుడుచుకున్నాక పనిలో పడ్డాం.

"ఆ అలవాటు మానమని సింహాద్రితో చెప్పేస్తే సరిపోదా?" అన్నాను.

"నేర్పే నెల అయిపోయింది అమ్మమ్మా. మళ్లీ పాఠం తెరవాలంటే కార్యాలయం తాళం కావాలి. వాళ్లు తాళం తీస్తే ముందు బుద్ధంతా చెరిపేస్తారు, తర్వాతే కొత్తది. రెండేళ్లుగా తుఫాన్లలో దానికి నేను నేర్పిందంతా పోతుంది. చెరపకుండా తీయొచ్చట గానీ, దానికి పైవాళ్లు ఒప్పుకోవాలి, నెల పడుతుంది."

"తనిఖీ నాలుగు రోజుల్లో ఉంది."

"ఆ తర్వాత నేనే ఉండను," అంది. ఈసారి నవ్వలేదు.

కాబట్టి 22న ఓడలో ఒంటి తుమ్ము ఉండకూడదు. ప్రతి తుమ్ముకూ జంట ఉండాలి. అడిగినప్పుడల్లా తుమ్మగల మనిషి బంగాళాఖాతానికి ఈ ఒడ్డునా ఆ ఒడ్డునా నాకు తెలిసి ఒక్కరే ఉన్నారు.

సాయంత్రం 4:30కు జోగారావుగారి ఇంటికి వెళ్లాను. ఆయన డాబా మీద కూర్చుని దుర్భిణితో హార్బరు చూస్తున్నారు.

"రండి రండి. ఏటి, ఈసారి దుర్భిణి పట్టుకుపోతారేటి?"

"మీ డబ్బా తెచ్చాను."

"తూసినారా?"

"నలభై ఒక్క గ్రాములు. రెండు గ్రాములు సాక్ష్యం కింద నా దగ్గర ఉన్నాయి."

కూర్చుని మొత్తం చెప్పాను. ఆయన చివరిదాకా విన్నారు. విన్నాక డబ్బా తెరిచి, ఒక చిటికెడు పీల్చి, సుఖంగా రెండు తుమ్మారు.

"అయితే ఇన్నాళ్లూ ఓడని నడిపింది నానేనంటారు?"

"మీ జంట తుమ్ము."

"నలభై ఏళ్లు హార్బరులోకి ఓడల్ని చేత్తో తెచ్చినాను. ఇప్పుడు ముక్కుతో తెమ్మంటారు."

"హైమ కోసం అడుగుతున్నాను."

"ఆ పిల్ల కోసం అడగక్కర్లేదు. ఈదురుగాలిలో ఓడని ఎలా దింపుతాదో సూసినాను. నాకే సాత కాదు." డబ్బా మూత పెట్టారు. "కానీ ఒకటుంది. 'జోగారావుగారి విషయంలో పొరపడినాను' అని రాసిచ్చీండి."

రాశాను.

"తేదీ ఏసినారా?"

వేశాను. ఆయన దాన్ని మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నారు. గోడకు పటం కట్టిస్తానన్నారు. కట్టించుకోనీ.


20 ఫిబ్రవరి, మంగళవారం. విశాఖ నుంచి పోర్ట్ బ్లెయిర్

ఇది సాధన. ప్రయాణికులందరికీ విషయం చెప్పాను. ఎవరూ ఆశ్చర్యపోలేదు. "అదేటి, తుమ్మితే ఆగొద్దా మరి?" అని ఒకామె నన్నే ఎదురడిగింది.

తెలిసిన సంగతులు: దొంగ తుమ్ము చెల్లదు. ఒక కుర్రాడు నోటితో చేసి చూపిస్తే, "అది తుమ్ము కాదు బాబూ," అంది సింహాద్రి. సీట్లకు ఊపిరి తెలుస్తుంది. మిరియాలతో ప్రయత్నించడానికి లేదు, సరుకు గది దారిలో తెరవకూడదు.

సాయంత్రం 6:09. ఒకే ఒక నిలుపు. అది జోగారావుగారు బాత్రూములో ఉన్నప్పుడు జరిగింది. 22న ఆయన మధ్యాహ్నం మజ్జిగ తాగకూడదని చెప్పాను. ఒప్పుకోలేదు. సగం గ్లాసు దగ్గర రాజీపడ్డాం.


22 ఫిబ్రవరి, గురువారం. పోర్ట్ బ్లెయిర్ నుంచి విశాఖ

తనిఖీ అధికారి పేరు బమ్మిడి గోవర్ధనరావు. ఇస్త్రీ చేసిన చొక్కా, చేతిలో పలక. సారథి గది పక్కన మొదటి సీట్లో కూర్చున్నారు. ఎక్కగానే కిటికీలోంచి తల బయటపెట్టి కిందికి చూశారు, గాలం తాడు వేలాడుతోందేమోనని.

ప్రయాణికులు 46. మిరియాలు 40 బస్తాలు. ఉదయం 6:00కు లేచాం.

మొదటి ఏడు గంటలూ చక్కగా గడిచాయి. ఎవరు తుమ్మినా వెనకే జోగారావుగారు. ఆయన సీటు సరిగ్గా మధ్యలో వేయించాను. ఒకసారి భోజనం మధ్యలో పొరబోయి ఆలస్యమైంది. ఒకసారి మజ్జిగ. రెండే నిలుపులు.

ఒంటిగంటకు గోవర్ధనరావుగారు లేచి వచ్చారు.

"పెద్దాయనా, ఏంటది?"

"పొడుం బాబూ."

"పొగాకేనా? ఓడలో పొగాకు నిషేధం. ఇలా ఇవ్వండి."

జోగారావుగారు నా వైపు చూశారు. ఆ చూపులో ఉన్నది నేను ఇక్కడ రాయను. గోవర్ధనరావుగారు చెయ్యి చాపి నిలబడ్డ తీరు నాకు బాగా తెలిసిన తీరు. ఎదురుగా నిలబడి చూస్తే అంత బాగుండదని ఈరోజే తెలిసింది.

"నిబంధన ఎన్నో నంబరు?" అని అడిగాను.

"ఇరవై ఆరు, బీ."

ఉంది. నాకూ తెలుసు. డబ్బా అధికారి జేబులోకి వెళ్లిపోయింది.

1:22, మూడో నిలుపు. 1:50, నాలుగు. జనం పమిటలు, తువ్వాళ్లు ముక్కులకు అడ్డం పెట్టుకున్నారు. ఊపిరి బిగబట్టారు. బిగబట్టిన తుమ్ము ఇంకా గట్టిగా వస్తుందని అందరికీ ఒకేసారి తెలిసింది. 2:35, ఐదు. 3:10, ఆరు. గోవర్ధనరావుగారు ప్రతి నిలుపుకూ సారథి గది తలుపు తీసి హైమ చేతులు చూస్తున్నారు. ఆమె చేతులు మీటల మీదే ఉన్నాయి. ఆయన పలకలో రాసుకుంటున్నారు.

సాయంత్రం 5:48కి పదో నిలుపు. 6:31కి పన్నెండు. 7:12కు పదమూడు.

లెక్క వేశాను. పదమూడు తొమ్మిదులు నూట పదిహేడు. ఇక ఆగకుండా వెళితే 7:57కు దిగుతాం. ఇంకొక్కసారి ఆగితే 8:06. హద్దు 8:00. ఆ లెక్క హైమకు కూడా తెలుసు. తెరిచి ఉన్న తలుపులోంచి ఆమె వెనక్కి తిరిగి నా వైపు చూసింది. ఏడో ఎక్కం మర్చిపోయినప్పుడు చిన్నప్పుడు అలాగే చూసేది.

7:34. ఇంకా ముప్పై తొమ్మిది కిలోమీటర్లు. విశాఖ దీపాలు కనబడుతున్నాయి. గోవర్ధనరావుగారు పలక మూసి, జేబురుమాలు తీసి, తుమ్మారు.

ఒకటి. బలమైన, ఒంటరి, ప్రభుత్వ తుమ్ము.

ఓడంతా ఊపిరి పీల్చడం ఆపింది. సింహాద్రి ఇంజన్ల గొంతు తగ్గడం మొదలైంది. పది లెక్కపెట్టేంత సమయం. జోగారావుగారి చేతులు ఖాళీ. నేను పుస్తకం వెనక అట్ట తిప్పి, సాక్ష్యం చించాను. రెండు గ్రాములు. ఎంత పీల్చాలో తెలియదు. జీవితంలో ఎప్పుడూ పీల్చలేదు. మొత్తం పీల్చాను.

"పంతులమ్మగారూ! సిటికెడు సాలు!" అని జోగారావుగారు అరవడం వినబడింది. అప్పటికే తుమ్మాను.

"జంట!" అన్నారు ఎవరో. ఇంజన్లు మళ్లీ లేచాయి.

ఇంకోటి వచ్చింది. ఇంజన్లు పడ్డాయి.

"బేసి!" అంది ముందు సీటు పిల్ల.

ఇంకోటి.

"సరి!"

"బేసి! బేసి!"

"సరి!"

నలభై ఆరుమంది ఒకే గొంతుతో లెక్కపెడుతున్నారు. ముప్పై ఆరేళ్లలో ఏ తరగతీ నాతో ఇంత శ్రద్ధగా సరి, బేసి చెప్పలేదు. ఓడ ఊపందుకుంటూ, తగ్గుతూ, కప్పలా గంతులేస్తూ వెళుతోంది. ఆరు నేను తుమ్మాను. గోవర్ధనరావుగారిదీ కలిపితే ఏడు. బేసి. ముక్కు మండుతోంది, కళ్ల నిండా నీళ్లు, కానీ ఏడో తుమ్ము రావడం లేదు.

"ఒకటి, రెండు, మూడు..." ఓడంతా లెక్కపెడుతోంది.

"దీపం వంక సూడండి!" అన్నారు జోగారావుగారు. "పైకి, దీపం వంక!"

చూశాను. ఎనిమిది అనే లోపు వచ్చింది.

"సరీ!"

జోగారావుగారు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. సీటు మీదున్న లేడీస్ గొడుగు ఒకటి కిందపడి దొర్లింది. ఇంజన్లు నిలకడగా మోగాయి. ఆ తర్వాత విశాఖ చేరేదాకా ఎవరూ ముక్కు వదిలిపెట్టలేదు. అందరూ రెండు వేళ్లతో పట్టుకునే కూర్చున్నారు, నేను కూడా.

రాత్రి 7:57:20కి దిగాం. పదమూడు గంటల యాభై ఏడు నిమిషాల ఇరవై సెకన్లు. ఆ గంతుల్లో పోయిన ఇరవై సెకన్లు నావి.

గోవర్ధనరావుగారు పలకలో "గడువులోపు" అని రాసి హైమ చేత సంతకం పెట్టించుకున్నారు. ముఖంలో నమ్మకం మాత్రం లేదు.

"ఈ ఓడ ఎందుకలా ఆగుతోందో నేను పైకి రాస్తాను," అన్నారు. "ఇదేం పద్ధతండీ? తుమ్మితే ఆగడమేంటి? ఏ కాలంలో ఉన్నాం?"

పలక చంకలో పెట్టుకుని తలుపు దగ్గరికి నడిచారు. కుడికాలు గడప మీద పెట్టారు. అప్పుడు నేను తుమ్మాను. ఒక్కటే.

ఆ తుమ్ము దానంతట అదే వచ్చిందా, నా వేళ్లకు ఇంకా కొంచెం సాక్ష్యం అంటుకుని ఉందా అన్న ప్రశ్నకు ఈ పుస్తకంలో చోటు లేదు.

గోవర్ధనరావుగారి కాలు గడప మీదే ఆగిపోయింది. ఒకసారి బయటికి చూశారు. ఒకసారి లోపలికి చూశారు. తర్వాత నెమ్మదిగా వెనక్కి వచ్చి, మొదటి సీట్లో కూర్చున్నారు.

"కాసిని మంచినీళ్లు ఇలా ఇవ్వమ్మా," అన్నారు హైమతో.

ఎవరూ నవ్వలేదు. జోగారావుగారు కిటికీ వైపు తిరిగి భుజాలు ఊగుతుండగా నవ్వు ఆపుకున్నారు, అంతే. నేను గడియారం చూశాను. నాలుగు నిమిషాల పది సెకన్లు కూర్చున్నారు. లేచి, ఈసారి ఎవరివైపూ చూడకుండా దిగి వెళ్లిపోయారు.

అందరూ దిగాక సింహాద్రి నన్ను చిన్నగా పిలిచింది.

"మేడమ్‌గారూ, ఆయనకు ఎవరు నేర్పారు?"

"చెప్పడం మర్యాద కాదు," అన్నాను.


ఇకపై జరగాల్సినవి:

1. 24వ తేదీ లోపు కార్యాలయానికి ఉత్తరం. ఓడకు ఈ అలవాటు నేర్పింది పొట్నూరు వరహాలమ్మ అని పూర్తి పేరుతో, పట్టీ నకలుతో పంపాలి. బుద్ధి చెరపకుండా పాఠం తెరవాలని కోరాలి. ఎవరైనా కుదరదంటే, ఆ 4 నిమిషాల 10 సెకన్లు రెండో ఉత్తరంలో వెళతాయి.

2. పాఠం తెరిచాక సింహాద్రికి నలభై నాలుగో పాఠం: తుమ్ముకు ఆగడం నేల మీదే, గాలిలో కాదు. ఉదాహరణలతో చెప్పాలి. నన్ను చూసి నేర్చుకోవద్దని కూడా చెప్పాలి.

3. మిరియాల బస్తాలు సీట్ల కింది నుంచి తోక గదికి మార్చాలి. హైమ రేపే అడుగుతుంది.

4. జోగారావుగారి డబ్బా గోవర్ధనరావుగారి దగ్గర్నుంచి విడిపించాలి. నేనే వెళ్తాను. చెయ్యి చాపి నిలబడతాను.

5. ఆ రెండు గ్రాములు జోగారావుగారికి బాకీ. సాక్ష్యం ఖర్చయిపోయింది కనుక కొత్తది తెచ్చి తూచి ఇవ్వాలి.

6. సారథి గది బీరువాలో, వానకోటు వెనక, 430 మీటర్ల నైలాన్ తాడు ఉండ చుట్టి ఉంది. ముక్కు తుడుచుకోవడానికి గుడ్డ వెతుకుతుంటే కనబడింది. నిలుపులు హైమ వల్ల కాలేదు. అది నిరూపించాను. నిలుపుల్లో హైమ ఏం చేసిందన్నది వేరే లెక్క. అడగను. అడిగితే రాయాలి.

7. ఆదివారం హైమ భోజనానికి వస్తోంది. వచ్చేటప్పుడు చేప తెస్తానంది. ఉదయమే చింతపండు నానబెట్టాలి.